మిగిలిన నీళ్ల తోట



మా ఆదోనిలో ఉగాది దాటిందంటే పలకరింపు మారిపోతుంది. మామూలు రోజుల్లో "తిన్నావా అక్కా" అని అడిగే నోరే ఎండాకాలం రాగానే "నీళ్లొచ్చినాయా" అంటుంది. అదీ తెల్లవారుజామున నాలుగున్నరకే. ఎండాకాలమంతా నా పడక మిద్దె మీదే. పక్క మిద్దె మీద ఒకామె పడుకుంటుంది. నాకన్నా పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అంటుంది. వాళ్లాయన కింద కూలరు ముందు నుంచి కదలడు, ఆమెకేమో ఆకాశం కనపడకపోతే నిద్ర రాదు. ఇంకా చీకటి ఉండగానే పిట్టగోడ అవతల నుంచి గొంతు వినిపిస్తుంది.

"అక్కా, కొళాయి గురగురమంటాంది. ఇడిసినారేమో సూడు."

"గాలేమోలే, పడుకో."

"గాలి గాదక్కా, నీళ్లే. లెయ్యి."

ఇద్దరం దిగుతాం. ముందు తాగే నీళ్ల బిందెలు, తర్వాత వంటకు, ఆ తర్వాత సంపు. ధార సన్నబడి చివరికి చుక్కలు రాలేటప్పుడు మొక్కలకని పెట్టుకున్న పాత పెయింటు బకెట్టు దాని కింద పెడతాం. ఒకరోజు సగం నిండుతుంది, ఒకరోజు అడుగే తడుస్తుంది. మా వీధికి నీళ్లు మూడు రోజులకోసారి. అంటే మా తోటలన్నీ ఆ ఆఖరి చుక్కల మీద బతికే తోటలే.

ఈ నీళ్ల పుట్టుక మీకు తెలియనిది కాదు. హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాము, అక్కడి నుంచి దిగువ కాలువ. మనం ఎల్లెల్సీ అంటాం. ఆ కాలువ కర్ణాటకలో దాదాపు 250 కిలోమీటర్లు పారి, అక్కడి పొలాలు తడిపి, మిగిలింది తీసుకుని మన జిల్లాలోకి వస్తుంది. కాలువకు నీళ్లు ఆపేశాక వేసవికి దిక్కు బసలదొడ్డి లాంటి సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యాము పంతొమ్మిదో గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఆ వారమంతా రైతులతో పాటు నాలుగు కుండీల్లో వంకాయ పెట్టుకున్న మేము కూడా టీవీ ముందు నుంచి లేవలేదు. డ్యాము గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు, ఆయనతో పనిచేసినవాళ్లు పారే వరదలోనే పోయిన గేటు చోట అడ్డుగా స్టాప్‌లాగు దించి నీళ్లు నిలబెట్టారు. ఆ రోజు మా పక్క మిద్దె ఆమె అన్న మాట: "ఆ మారాజు సల్లగుండాల. మన కరేపాకు బతికె."

నేను రిటైరైన లెక్కల టీచరును. తోటపని కన్నా లెక్క రాసుకోవడమే నాకు ముందు అలవాటు. ఉద్యోగం మానేసిన కొత్తలో మిద్దె మీద నలభై రెండు కుండీలు పెట్టాను. మొదటి వేసవికి ఇరవై అయిదు చచ్చిపోయాయి. మిగిలిన పదిహేడు కుండీలే ఇప్పుడు నా వేసవి తోట. వానలు పడ్డాక ఎన్ని పెట్టినా సరే, మార్చి వచ్చేసరికి మళ్లీ పదిహేడుకు దిగుతాను. ఎందుకంటే లెక్క అట్లుంది. కుండీకి రోజుకు లీటరున్నర వేసుకుంటే పదిహేడింటికి ఇరవై అయిదున్నర లీటర్లు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు ఐదు లీటర్లు. ఆకుకూరలు, కూరగాయలు కడిగినవి ఆరు. బిందెలు తొలిపి పోసేవి నాలుగు. అంతా కలిపితే పదిహేను. ఇంకా పది లీటర్లు ఎక్కడి నుంచి తేవాల? తాగే బిందెలోంచి తియ్యాల. తాగే నీళ్లు గులాబీకి పోస్తే మా అత్త ఊరుకునే మనిషి కాదు. ఆమెకు ఎనభై రెండేళ్లు. బావి చేది పెరిగిన మనిషి.

ఆ పది లీటర్ల కోసం నేను ఒక సాయంత్రం కాగితం తీసుకుని కూర్చున్నాను. మన రాయలసీమలో మే నెల ఎండకు, వేడిగాలికి, పళ్లెంలో నీళ్లు పెడితే రోజుకు పది మిల్లీమీటర్ల దాకా ఆవిరైపోతాయి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు అంటే ఒక లీటరు. నా కుండీ నోరు అడుగు వెడల్పు. ఆ వృత్తం వైశాల్యం కట్టి గుణిస్తే ముప్పావు లీటరుకు కొంచెం తక్కువ వచ్చింది. మట్టి పైన తడి ఉన్నంతసేపూ ఇదీ వరస. నేను పోసే లీటరున్నరలో సగం దగ్గర దగ్గర మొక్క నోట్లో పడకుండానే గాలికి పోతోంది! ముప్పై ఏళ్లు వృత్త వైశాల్యం నల్లబల్ల మీద చెప్పాను. అది నా కుండీకే పనికొస్తుందని అప్పుడు తోచలేదు.

కుండీ నోరు ఎట్లా మూయాలి? ఆదోనిలో దీనికి వెతుక్కోనక్కర్లేదు. బుడ్డలు ఆడించే మిల్లులున్న ఊరు ఇది. బుడ్డలంటే తెలుసు కదా, వేరుశనక్కాయలు. వాటి పొట్టు గోనెసంచుల్లో దొరుకుతుంది. రెండు అంగుళాల మందం పరిస్తే చాలు, మధ్యాహ్నం రెండు గంటలకు వేలు పెట్టి చూసినా కింద మట్టి చల్లగా తగులుతుంది. అయితే ఒక మాట. పొట్టులో పప్పులు మిగిలి ఉంటే ఎలుకలకు పండగ. మా ఇంట్లో జరిగింది. చేటలో పోసి చెరిగి, పప్పులు ఏరేసి, ఆ తర్వాతే వేయండి. పొట్టు పరిచిన వేసవి నుంచి నేను పోసేది కుండీకి లీటరు లోపే. ఆ పది లీటర్ల అప్పు తీరిపోయింది. అత్త కూడా శాంతించింది.

ఈ లెక్క ఇంతటితో అయిపోతే బాగుండేది. నీళ్లు ఎన్ని అనేది ఒక సంగతి, ఎట్లాంటివి అనేది ఇంకొకటి. మన బోరు నీళ్లు ఉప్పు. కుండీ అంచున తెల్లటి పొక్కు కడుతుంది, గోరుతో గీరితే సున్నంలా రాలుతుంది. ఇంట్లో ఆర్వో మిషను పెట్టుకున్నవాళ్లు దాని పక్క పైపులోంచి పోయే నీళ్లు వృథా అని బాధపడి మొక్కలకు పోస్తారు. ఒక లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు అట్లా బయటికి పోతాయి కదా, మనసు ఒప్పదు. కానీ ఆ నీళ్లలో ఉండేది ముందున్న దానికన్నా చిక్కటి ఉప్పు. ఇల్లు తుడవండి, బాత్‌రూముకు వాడండి, గులాబీకి మాత్రం వద్దు.

నేను చేసిన తప్పు ఇంకొకటి ఉంది. కూలరు నీళ్లు. కూలరులో రోజూ బకెట్లు బకెట్లు పోస్తాం, నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు ఎక్కడికి పోతుంది? అడుగునే ఉంటుంది. గడ్డి తడికల మీద తెల్లగా పేరుకునేది అదే. వారం చివర కూలరు కడుగుతూ ఆ అడుగు నీళ్లు రెండు చెంబులు నా ఎర్ర గులాబీకి పోశాను. నాలుగు రోజుల్లో ఆకుల అంచులు కాల్చినట్లు గోధుమరంగుకు తిరిగాయి. ఎండ దెబ్బ అనుకుని ఇంకో చెంబు పోశాను. దాంతో ఆ మొక్క కథ ముగిసింది. ఏసీ నీళ్లు అట్లా కాదు, అవి గాలిలోని తేమ దిగినవి, ఉప్పు ఉండదు, కరివేపాకుకు భేషుగ్గా పనికొస్తాయి. చిక్కేమిటంటే మన గాలిలో ఏప్రిల్, మే నెలల్లో తేమే ఉండదు. విజయవాడలో ఉండే మా అబ్బాయి ఇంట్లో రాత్రికి బకెట్టు నిండే ఏసీ, ఇక్కడ చెంబు నింపడానికి ఆపసోపాలు పడుతుంది.

ఇప్పుడు అంతా మిద్దెతోట అంటున్నారు. హైదరాబాదులో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తన ఇంటి మీద పంట తీసి, దాని గురించి రాసి, చెప్పి ఆ మాటను ఇంటింటికీ చేర్చారు. మంచి పని. కానీ మిద్దె అనేది మనకు కొత్త మాట కాదు. మన వైపు ఇళ్లే మట్టి మిద్దెలు. దూలాల మీద కట్టెలు, వాటి మీద బండలో రెల్లో పరిచి, పైన చవుడు మట్టి దిమ్మిస చేసినవి. వాటి మీద మిరపకాయలు ఎండబెట్టారు, వడియాలు పెట్టారు, వెన్నెల్లో పడుకున్నారు. తోట మాత్రం పెట్టలేదు, ఎందుకంటే తడి నిలిస్తే మిద్దె కారుతుంది. ఆ జాగ్రత్త ఇప్పటికీ వర్తిస్తుంది. ఒక ఘనపుటడుగు తడి మట్టి నలభై అయిదు, యాభై కిలోలు తూగుతుంది. మీది పాత బండల మిద్దె అయితే దాని మీదికి కుండీలు ఎక్కించకండి. వాకిట్లోనే పెట్టుకోండి. సిమెంటు స్లాబైనా బరువు గోడల మీద పడేట్లు అంచుల వెంట పెట్టుకోవడం మేలు.

మట్టి సంగతీ అంతే. చుట్టూ నల్లరేగడి కదా, పొలం నుంచి నాలుగు గంపలు తెచ్చి పోస్తే సరి అనుకుంటాం. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుపోయి కుండీ గోడ నుంచి విడిపోతుంది. మీరు పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి అడుగు బొక్కలోంచి బయటికి వచ్చేస్తాయి, మధ్యలో వేరు మాత్రం పొడిగానే ఉంటుంది. పత్తికి ప్రాణమైన నేల కుండీకి పనికిరాదు. ఎర్రమట్టి సగం, మాగిన పశువుల ఎరువు సగం, దొరికితే గుప్పెడు వేపపిండి. అంతే.

ఎమ్మిగనూరులో మా చెల్లెలు ఉంది. ఇక్కడికి ముప్పై కిలోమీటర్లే, కానీ ఆమె తోట పద్ధతి వేరు. వాళ్లది నేతపని ఇల్లు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేతకారుల సహకార సంఘం పెట్టిన ఊరు అది. ఒకప్పుడు ఎమ్మిగనూరు దుప్పటి అంటే ఎక్కడైనా అడిగి కొనేవాళ్లు. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి. మా చెల్లెలి ఇంట్లో గుంట మగ్గం ఇంకా ఉంది, ఆడేది అప్పుడప్పుడే. ఆ మగ్గం గదిలోంచి పెరట్లోకి అడుగుపెడితే మొదట తగిలేది నీడ. పత్తికట్టెలు నాలుగు మూలలా పాతి, వాటికి పాత తెల్ల దుప్పట్లు పందిరిలా కట్టి ఉంటాయి. అంచులు పురికొసతో కుట్టి, మధ్యలో గాలి పోవడానికి సందు వదిలి. కింద పుండికూర, తోటకూర, గోరుచిక్కుడు, ఓ మూల దవనం. దుప్పటి నీడలో మధ్యాహ్నం వెలుతురు పాలలాగా ఉంటుంది.

పోయినసారి వెళ్లినప్పుడు నేను ఆకుపచ్చ షేడ్‌నెట్ కొనమని చెప్పాను. దానికామె అన్నది వినండి.

"మీ ఆదోనోళ్లకు పచ్చగా కనపడితే సాలు, నీడ అనుకుంటారు. నూలుగుడ్డ సల్లగుంటాది. ఎండకు మనిషి నెత్తిన ఏం కప్పుకుంటాడు? ప్లాస్టిక్కా?"

"దుప్పటి రెండో ఎండాకాలానికి సీకిపోతాదే."

"సీకిపోతే మట్టిలో కలుపుతా. నీ నెట్టు కలుపు సూద్దాం."

నేను బదులు చెప్పలేకపోయాను. న్యాయంగా చెప్పాలంటే యాభై శాతం నీడనిచ్చే నెట్టు నాలుగైదేళ్లు వస్తుంది, గాలికి చిరగదు. డబ్బు పెట్టి కొనేవాళ్లు అదే కొనాలి. కానీ ఇంట్లో నూలుగుడ్డ ఉన్నవాళ్లకు మా చెల్లెలి మాటకు మించింది లేదు. పడుగుకు పెట్టగా మిగిలిన గంజిని కూడా ఆమె వదలదు. ఒకటికి పది నీళ్లు కలిపి వేపచెట్టుకు, మందారానికి పోస్తుంది. చిక్కగా పోస్తే పులిసి చీమలు పడతాయట. రంగు నీళ్ల జోలికి మాత్రం పోదు, ఆ బకెట్టే వేరు.

ఆ రోజు సాయంత్రం వాళ్ల వాకిట్లో నలుగురైదుగురు చేరారు. ఒగ్గాని, మిరపకాయ బజ్జీలు మధ్యలో పెట్టుకుని మాట్లాడుకున్నదంతా మొక్కలే. ఒక పెద్దాయన, వాళ్లంతా మామా అంటారు, టమాటా మీద కోపంగా ఉన్నాడు. పూత విపరీతంగా వస్తోంది, ఒక్క పిందె నిలవదు. ఎరువు చాల్లేదని ఒకరు, దిష్టి అని ఒకరు. నిజం ఏమిటంటే పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి 25 కన్నా దిగకపోతే టమాటా పుప్పొడి పాడవుతుంది, పూత రాలిపోతుంది. మనకు మే నెలలో పగలు 42, రాత్రి కూడా వేడి దిగదు. టమాటా తప్పూ లేదు, మామ తప్పూ లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ మొక్కను బతికించుకోవడమే గొప్ప, కాయ అడగకూడదు. అదే ఎండలో తోటకూర మాత్రం ఎగిరెగిరి పెరుగుతుంది. జొన్న, సజ్జ, చెరుకు ఎండను ఎట్లా వాడుకుంటాయో తోటకూరదీ అదే పద్ధతి. పుండికూర, బెండ, గోరుచిక్కుడు కూడా ఈ ఎండకు వెరవవు. మన వేసవి తోట అంటే ఈ నాలుగే. మిగతావన్నీ అతిథులు.

పుండికూర అన్నాను. కోస్తా వాళ్లు గోంగూర అంటారు. పుండి కన్నడం వైపు కూడా వాడే మాటే. 1953 అక్టోబరు 1 దాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలో ఉండేవి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు ఇటు వచ్చాం, మాటలు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటిగానే మిగిలాయి. ఇంకో మాట సుగ్గి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు పల్లెలు వానలు మోసం చేసిన ఏడు పిల్లాజెల్లతో గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు కోతకు పోతాయి. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. ఉగాదికి తిరిగి వస్తారు. మా ఇంట్లో పనికి సాయం వచ్చే ఆమె పోయినేడు అట్లా వెళ్లి వచ్చింది. వచ్చిన రోజు కొంగు ముడి విప్పి నా అరచేతిలో పది ఎండు మిరపకాయలు పోసింది. "గుంటూరు కాయ టీచరమ్మా, నీ కుండీలో ఏసుకో."

మూడు నెలలు వంగి కోసి, చేతులు మండి, తిరిగి వస్తూ నా కుండీ గుర్తు పెట్టుకుంది. ఆ విత్తనాలు రోహిణి కార్తెలో నీడన నారు పోశాను. ఆ చేలల్లో వేసేది ఎక్కువగా హైబ్రిడ్ విత్తనం కాబట్టి తల్లి కాయ లాగే రావాలని లేదు. వచ్చిన అయిదు మొక్కలూ అయిదు రకాలుగా కాశాయి. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి అసలు కారమే లేదు. ఆ కారం లేనిది చూపిస్తే ఆమె నవ్వింది. "అది నీ మాదిరే టీచరమ్మా" అంది. పొగిడిందో వెక్కిరించిందో అడగలేదు.

సెలవులు వస్తే ఇంకో తిప్పలు. ఊరికి పోవాలి, మొక్కలు ఎవరికి అప్పగించాలి? మా వీధిలో దీనికి చేబదులు పద్ధతి ఉంది. ఎదురింటి ఖాలా రంజానుకు వాళ్ల అమ్మగారింటికి పోతే ఆమె పుదీనా, గోరింటాకు నాకు అప్పజెప్పి పోతుంది. నేను పోతే నావి ఆమెకు. అప్పజెప్పడానికి ఎవరూ లేకపోతే మాత్రం మట్టికుండను నమ్ముకోవాలి. కాల్చిన మామూలు కుండ, లోపల నునుపు పూత లేనిది, పెద్ద తొట్టి మధ్యలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టాలి. చుట్టూ బీరో కాకరో ఉంటే వేరు కుండను వెతుక్కుంటూ వచ్చి చుట్టుకుంటుంది. మట్టి ఎండినప్పుడే కుండ చెమరుస్తుంది, తడిగా ఉంటే ఊరుకుంటుంది. చైనాలో ఫాన్ షెంగ్‌జీ అనే ఆయన క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలోనే తన వ్యవసాయ గ్రంథంలో ఇట్లా కుండ పాతి, దాని చుట్టూ పాదులు పెట్టమని రాశాడు. రెండు వేల ఏళ్లు దాటిన చిట్కా. మా కుమ్మరి ఆయనకు ఆ సంగతి చెప్తే, "అయితే కుండకు ఇంకో పది రూపాయలు ఇయ్యి" అన్నాడు. మన ఉప్పు నీళ్లతో కుండ రంధ్రాలు రెండేళ్లకు పూడుకుపోతాయి, అప్పుడు మార్చుకోవాలి. ఆ రకంగా ఆయనకు మళ్లీ బేరమే.

ఎండాకాలం మా పిట్టగోడ దగ్గర జరిగే వాదాల్లో ఎప్పటికీ తేలనిది కరివేపాకు వాదం. ఆకు పసుపు పచ్చగా తిరుగుతుంది, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి. పక్క మిద్దె ఆమె తుప్పు మేకులు పాతుతుంది. ఖాలా పులిసిన మజ్జిగ పోస్తుంది. ఇనుము లోపమన్నంత వరకు ఇద్దరూ సరిగ్గానే పట్టుకున్నారు. మన నేలలో, నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి మట్టిలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. మేకు పాతినా ఆ ఇనుమూ అట్లాగే బిగుసుకుంటుంది. లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లాలి. వారం పది రోజులకోసారి రెండు మూడు సార్లు చల్లితే కొత్త చిగురు పచ్చగా వస్తుంది. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది. మీకు ఇంకా అనుమానం ఉంటే ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఒక ఆకు కోసుకుని పోయి అడగండి. కుండీలో ఒకే మొక్క ఉందని మొహమాటపడనక్కర్లేదు. మా పక్కింటామె మాత్రం మేకులు మానలేదు. "మా అమ్మ పాతింది, నేను పాతుతా" అంటుంది. ఆమె కరివేపాకు నాదానికన్నా బాగుంది, అది వేరే విషయం.

ఎరువుల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ముందుకు పోతాను. ఎండలు ముదిరాక చెక్క నానబెట్టిన నీళ్లు పోయకండి. వేరు కాలుతుంది. పైగా 42 డిగ్రీల ఎండలో బుడ్డల చెక్క మూడు రోజులు నానితే వచ్చే వాసన ఏమిటో మా వీధికంతా తెలుసు. వెనకింటి పెద్దాయన వచ్చి, డ్రైనేజీ ఎక్కడ పగిలిందమ్మా అని నన్నే అడిగాడు. నేను చూస్తాలెండి అన్నాను.

చివరగా మల్లెచెట్టు.

పోయిన ఏడాది ముందటి వేసవిలో మా అమ్మాయి పురిటికి బెంగళూరు పోయి, పన్నెండు రోజులనుకున్నది ఇరవై ఆరు రోజులు ఉండాల్సి వచ్చింది. ఖాలా పాపం తన వంతు నీళ్లు పోస్తూనే ఉంది, కానీ ఆ మధ్యలో వీధికి నీళ్లు అయిదు రోజులు రాలేదు. నేను తిరిగి వచ్చేసరికి రోహిణి కార్తె నడుస్తోంది. మిద్దె ఎక్కి చూస్తే గుండుమల్లె కుండీలో పుల్లలు తప్ప ఏమీ లేవు. ఒక్క ఆకు లేదు. వంచితే టక్కున విరుగుతోంది. అది మా అత్త పెళ్లినాడు ఆమె పుట్టింటి నుంచి తెచ్చిన మొక్క నుంచి అంటుకట్టింది. అత్తకు ఎట్లా చెప్పాలో తెలియక పిట్టగోడ దగ్గరే నిలబడ్డాను.

"పీకేద్దామా అక్కా? కుండీ అయినా ఖాళీ అవుతాది" అంది పక్కింటామె.

అత్త ఎప్పుడు మెట్లెక్కి వచ్చిందో తెలియదు. నన్ను పక్కకు జరగమని, వంగి, మట్టికి జానెడు ఎత్తులో ఉన్న మొదలు కాడను బొటనవేలి గోరుతో గీరింది. పైన బూడిదరంగు తొక్క లేచింది. దాని కింద సన్నటి గీతలాగా పచ్చదనం. బియ్యపుగింజంత.

"ఉంది," అంది అంతే, దిగి వెళ్లిపోయింది.

ఎండిన పుల్లలన్నీ ఆ జానెడు దాకా కత్తిరించాను. కుండీని నీళ్ల ట్యాంకు నీడకు జరిపాను. బుడ్డల పొట్టు పరిచాను. ఆకు లేని మొక్కకు నీళ్లు ఎక్కువ పోస్తే వేరు కుళ్లుతుంది, రోజూ సాయంత్రం అరచెంబు, అంతకు మించి లేదు. మృగశిర వచ్చింది, వాన రాలేదు. జూన్ మూడో వారంలో ఒక రాత్రి పెద్ద వాన పడింది. దాని తర్వాత ఆరో రోజు మొదట్లో ఎర్రటి చిగురు ఒకటి పొడిచింది. ఈ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆ చెట్టు నుంచి నేను కోసినవి నూట పన్నెండు మొగ్గలు. లెక్కపెట్టాను. మూర నిండింది, అత్త తలలో పెట్టుకోదు కాబట్టి దేవుడి పటానికి వేసింది.

ఇప్పుడు మీ మిద్దె మీద కూడా ఇట్లాంటి పుల్లలు ఉండే ఉంటాయి. పీకేసే ముందు మొదట్లో ఒకసారి గోరుతో గీరి చూడండి. పచ్చ కనపడితే నీడకు జరిపి, రోజుకు అరచెంబు నీళ్లు పోసి, మొదటి వాన దాకా ఆగండి.